మూడు నూళ్ళ సందు

పోయిన వారం మనం భవానిని ఒక గాజు తలుపు ముందు వదిలిపెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. రేపల్లె శివారులో రెండేళ్ళ కిందట కట్టుకున్న ఇల్లు. హాలుకీ వెనక వసారాకీ మధ్య పద్నాలుగడుగుల పొడవునా గాజు తలుపు, పక్కకి జరిపి తీసే రకం. అది నాలుగు రోజులుగా జానెడు తెరుచుకుని బిగుసుకుపోయింది. మూసుకోదు, తెరుచుకోదు. ఆ సందులోంచి పిల్లి రెండుసార్లు వచ్చి చేపల పులుసు తినిపోయింది. భవాని మొగుడు నాగశివకు సొంత పడవ ఉంది. చేపల వేట నిషేధం ముగియబోతోందని అతను నిజాంపట్నం హార్బరులోనే మకాం పెట్టాడు. ఆదివారం గంగమ్మకు పూజ చేసి, డాబా మీద దాచిన వలలన్నీ దించి పడవకెక్కించాలి. ఈలోగా తలుపు బాగుచేయించు అని పెళ్ళానికి చెప్పిపోయాడు. తెనాలి నుంచి సీమోనును పిలిపించింది భవాని. పిలిపించిందే కానీ, ఆయన వస్తున్నాడంటే ఆమె గుండెల్లో రాయి పడింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మనకీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు సీమోను బండి వాకిట్లో ఆగింది. యాభై దాటిన మనిషి, అల్యూమినియం తలుపుల పనిలో పాతికేళ్ళు నలిగినవాడు. ఈ తలుపు బిగించింది కూడా ఆయనే. సంచీ దించి, చొక్కా చేతులు పైకి మడిచి, తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలుపు జరిగే కింది పట్టాలో వేలు పెట్టి గీరాడు. వేలికి పచ్చగా అంటుకుంది.

"ఇదేంటమ్మా, పసుపా?"

భవాని అత్త వైపు చూసింది. పేరంటాలు హాల్లో పీట మీద కూర్చుని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చేతులాగవు, నోరూ ఆగదు.

"గడపకి పసుపు రాయక బూడిద రాస్తారేంటి నాయనా?" అంది తల ఎత్తకుండానే.

"ఇది గడప కాదు పెద్దమ్మా, ట్రాకు. తలుపు చక్రాలు దీని మీదే నడవాలండి."

"ఇంట్లోకొచ్చే దారికి అడ్డంగా ఉందా లేదా? అయితే గడపే."

ఇంతకంటే తిరుగులేని వాదన సీమోను పాతికేళ్ళలో విని ఉండడు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పేరంటాలు వెనక తలుపుకి గడప ఏదని అడిగింది. గాజు తలుపులకు గడపలుండవని కొడుకూ కోడలూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గడప లేని వాకిలి ఉంటుందా, వీళ్ళకి కనపడటం లేదు గానీ ఉంది, ఇదే అని ఆ అల్యూమినియం పట్టాకే శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో ముగ్గు గీతలు వేస్తూ వచ్చింది. ఆర్నెల్ల కిందట తలుపు కాస్త బిగుసుగా ఉందంటే కొబ్బరినూనె కూడా పోసింది. ఆ నూనెకి పెరటి ఇసుక తోడైంది. రెండేళ్ళ భక్తి సిమెంటులా గట్టిపడి కూర్చుంది.

భవానికి ఒక్కసారిగా ఊపిరి ఆడింది. ఇదా సంగతి! పసుపేనా! నాలుగు రోజులుగా తాను భయపడుతున్నది కాదన్నమాట. ఆ సంతోషం కోపంలా బయటికి వచ్చింది.

"చూశావా అత్తా? ఎన్నిసార్లు చెప్పాను నీకు, అందులో పిండీ పసుపూ పొయ్యొద్దని? వేలు పోసి పెట్టించిన తలుపు! నీ మూలానే పాడయింది. ఇవాళ ఆయన రానీ, నువ్వే చెప్పుకో."

"చెప్తాలేవే. గడపకి పసుపు రాశానని చెప్తే నా కొడుకు నన్ను కొడతాడా?"

"ఇల్లంతా నీ ఇష్టమే! నా మాటంటే లెక్కే లేదు ఈ ఇంట్లో!"

అరుస్తున్నకొద్దీ ఆమెకి హాయిగా ఉంది. తప్పు ఇంకొకరిదని తేలితే మనిషికి అంత బలం వస్తుంది. పేరంటాలు ఒక పళ్ళెం తెచ్చి సీమోను పక్కన పెట్టింది. "తీసిన పసుపు అటూ ఇటూ పారెయ్యకు నాయనా, ఎవరన్నా తొక్కుతారు. ఇందులో వెయ్యి, మొక్క మొదట్లో పోస్తాను. గడప మీద కూర్చోకు, పక్కన కూర్చో."

"మా అమ్మ కూడా ఇంతేనండి," అన్నాడు సీమోను నవ్వుతూ. "ఆదివారం తప్పకుండా గుడికెళ్ళేది. గడప మీద కూర్చుంటే మాత్రం వీపు పగలగొట్టేది."

గంట పట్టింది ఆయనకి. సన్నటి ఉలితో పొడిచి, పాత బ్రష్షుతో తోమి, నీళ్ళు పోయే చిల్లులన్నీ పుల్లతో పొడిచాడు. పసుపూ ఇసుకా కలిసిన పెళ్ళలు పళ్ళెం నిండా పడ్డాయి. చెంబెడు నీళ్ళు పోస్తే చిల్లుల్లోంచి గలగల బయటికి పోయాయి. పట్టా తళతళమంది.

"ఇప్పుడు జరుగుతుందిగా అన్నా?" అంది భవాని.

సీమోను రెండు అరచేతులూ ఆనించి తోశాడు. తలుపు కదల్లేదు. భుజం పెట్టాడు. ఊహూఁ. భవాని కూడా ఒక చెయ్యి వేసింది. గాజు మీద ఇద్దరి చేతుల అచ్చులూ పడ్డాయి గానీ, తలుపు వెంట్రుక వాసి జరగలేదు.

"చక్రాలు పోయుంటాయి," అన్నాడాయన. "రెక్క ఊడదీసి చూద్దాం. మీరు ఆ పక్క పట్టుకోండమ్మా."

గాజుకి అతుక్కునే రబ్బరు కప్పులు రెండు సంచీలోంచి తీసి నొక్కాడు. ఇలాంటి తలుపు రెక్కని ఊడదీయాలంటే ముందు పైకెత్తాలి. పై పట్టాలో కాస్త ఖాళీ ఉంటుంది, రెక్క అందులోకి లేస్తుంది, అప్పుడు కింది అంచు బయటికి వస్తుంది. ఇద్దరూ కలిసి ఎత్తారు. సీమోను మెడ నరాలు ఉబ్బాయి. రెక్క లేవలేదు.

ఆయన నవ్వు ఆగిపోయింది. స్టూలు వేసుకుని ఎక్కి, సంచీలోంచి పల్చటి స్టీలు స్కేలు తీసి, రెక్కకీ పై పట్టాకీ మధ్య దూర్చబోయాడు. దూరలేదు. ఇంకోచోట ప్రయత్నించాడు. చివర్న దూరింది. మధ్యలోకి వచ్చేసరికి స్కేలు వంగింది తప్ప లోపలికి పోలేదు.

"మూడు నూళ్ళ సందు వదిలాను నేనిక్కడ," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వాళ్ళ పనిలో అదే లెక్క. "ప్రతి తలుపుకీ వదుల్తాను. ఏమైపోయిందమ్మా అది?"

భవాని గాజు మీంచి చెయ్యి తీసేసింది. ఇందాకటి హాయి ఎటుపోయిందో పోయింది.

సీమోను కిందికి దిగి, రెక్క అడుగున చక్రాన్ని పట్టి ఉంచే స్క్రూని వెతికాడు. దాన్ని వదులు చేస్తే చక్రం లోపలికి పోయి, రెక్క కొంచెం కిందికి దిగుతుంది. పైన సందు దొరుకుతుంది. ఆయన అరచుట్టు తిప్పాడు. రెక్క దిగింది. దానితోపాటే పైనుంచి టక్ మని చప్పుడయింది. సున్నం పొడి ఆయన నెత్తి మీదా భుజాల మీదా రాలింది.

ఒక్క క్షణం ముగ్గురూ పైకి చూశారు. సీమోను చెయ్యి మాత్రం ఆగలేదు. అదే స్క్రూని గబగబా మళ్ళీ బిగించేశాడు. లేచి, ఆ పక్కకి రెండడుగులు జరిగి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, మీరు పీట తీసుకుని ముందు గదిలోకి పదండి."

"ఎందుకు?"

"చెప్తానండి. ముందు లేవండి."

ఆ గొంతుకి పేరంటాలు కూడా లేచింది. రొయ్యల చేట పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. సీమోను టేపు తీసి నేల నుంచి పై బీము దాకా కొలిచాడు. ఈ చివర, ఆ చివర, మధ్యలో. మధ్యలో రెండుసార్లు కొలిచాడు.

"సరిగ్గా మూడు నూళ్ళు కుంగింది," అన్నాడు మెల్లగా. "బీము వచ్చి తలుపు మీద కూర్చుందమ్మా. చక్రాలు బాగానే ఉన్నాయి, పసుపు కూడా పెద్ద పాపం చెయ్యలేదు. నేను తలుపు కొంచెం దించితే బీము కూడా దిగింది. ఇప్పుడీ బీముకి ఆధారం ఈ గాజు రెక్కలే. పైన ఏముంది?"

"వలలు," అంది భవాని.

"ఎన్ని?"

ఎన్నని చెప్తుంది? ఏప్రిల్లో వేట ఆగిన రోజు హార్బరు నుంచి వచ్చిన వలలన్నీ అక్కడే ఉన్నాయి. సీసపు గుళ్ళు, ఇనప గొలుసులు, మోకులు. ఆ పైన టార్పాలిను కప్పారు. మొన్న కురిసిన రెండు వానలకీ నీళ్ళు లోపలికి దిగి, వలలన్నీ నానిపోయాయి. సరిగ్గా వసారా వైపే, మెట్లెక్కగానే ఉన్న చోటే కుప్ప పోశారు, మొయ్యడం తేలికని.

సీమోను నేల మీద దేన్నో చూస్తున్నాడు. తలుపుకి సరిగ్గా మధ్యలో, అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న ఒక టైలు ముక్క. మిగతా నేలంతా ఒక రంగు, అది ఒక చాయ తక్కువ. ఆయన బొటనవేలితో దాన్ని తట్టాడు.

"ఇక్కడ స్తంభం ఉండేదామ్మా?"

ఇక దాచేదేముంది. ఉండేది. ప్లానులో ఉండటమే కాదు, కట్టారు కూడా. దాని మీద బీము పోశారు, శ్లాబు వేశారు. కట్టింది భవాని తమ్ముడు మణికంఠ, బాపట్లలో మేస్త్రీ. భవాని పుట్టి పెరిగింది బాపట్లలో ఇరుకు సందులోని ఒకటిన్నర గది ఇంట్లో. వంటింట్లో ఒక్క కిటికీ, అదీ పక్కింటి గోడ వైపు. అందుకే ఈ ఇల్లు కట్టేటప్పుడు వెనకాల పొలాలూ, పంటకాలవా, ఆకాశమూ మొత్తం అడ్డం లేకుండా కనపడాలనుకుంది. అద్దం లాంటి ఆ చూపుకి మధ్యలో స్తంభం నిలబడి ఉంటే ఆమెకి ఒళ్ళు మండింది. నాగశివ పదిరోజుల వేటకి సముద్రం మీదికి వెళ్ళినప్పుడు తమ్ముణ్ణి పిలిచి, కొట్టెయ్యమంది. వాడు వద్దన్నాడు. ఆమె ఏడ్చింది. అక్క ఏడిస్తే చూడలేని తమ్ముడు వాడు. చివరికి ఒక్క షరతు మీద కొట్టాడు. "పైన ఏమీ కట్టొద్దు, ఏమీ పెట్టొద్దు. ఖాళీగా ఉంచు అక్కా." మొగుడు తిరిగొచ్చి స్తంభమేదని అడిగితే, ఇంజనీరు గారే అక్కర్లేదన్నారని చెప్పింది. నాగశివ సముద్రాన్ని అనుమానిస్తాడు గానీ పెళ్ళాన్ని అనుమానించడు. సరేనన్నాడు.

నిరుడు వలలు హార్బరు షెడ్డులో ఉంచారు. ఈ ఏడు ఆ షెడ్డు కప్పు కారుతోందని ఇంటికి తెచ్చారు. ఎనిమిది మంది వలలు మోసుకుంటూ పైకెక్కుతుంటే భవాని వాళ్ళకి మజ్జిగ పోస్తూ, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెప్తే ఆ అబద్ధం బయటపడుతుంది. రెండు నెలలేగా, ఆదివారంతో దించేస్తారుగా అని రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే తలుపు బిగుసుకుంది.

"ఉండేదన్నా," అంది.

సీమోను ఆ టైలు మీంచి కాలు తీసేసి, మళ్ళీ బీము వైపు చూశాడు. తిట్టినా బావుండేదనిపించింది ఆమెకి.

అప్పుడే ఫోను మోగింది. నాగశివ.

"భవానీ, బయల్దేరాం. షెడ్డులో మిగిలిన రెండు పెద్ద వలలు కూడా వేసుకొస్తన్నాం. అన్నిటికీ ఒక్కచోటే పూజ చేయిద్దామని అమ్మ చెప్పిందిగా. అరగంటలో ఉంటాం. ఎనిమిది మందికి అన్నం పెట్టు."

"తేవద్దు మావా!"

"ఏంటీ?"

"పైకి తేవద్దు. తలుపు... తలుపు పని జరుగుతోంది."

"తలుపుకీ వలలకీ సంబంధం ఏంటే? మేం బయటి మెట్ల మీంచి పోతాంగా." ఇంజను హోరులో అతని నవ్వు వినిపించింది. ఫోను కట్టయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు.

వెంటనే తమ్ముడికి చేసింది.

"తమ్ముడూ, బీము కుంగింది."

"పైన ఏమన్నా పెట్టారా?" అన్నాడు మణికంఠ.

"వలలు. రెండు నెల్లుగా."

"నేను నీకు చెప్పానా లేదా అక్కా?"

"చెప్పావు."

"బావకి చెప్పావా?"

ఆమె ఏడుపు విని వాడికి జవాబు తెలిసిపోయింది. "సరే, ఏడవకు. శ్లాబు కింద నిలబెట్టే సెంట్రింగు జాకీలు బండికెక్కిస్తన్నా. బాపట్ల నుంచి గంటన్నరన్నా పడుద్ది. అందాకా తలుపు ముట్టుకోవద్దు. బీము కింద ఎవర్నీ ఉండనీకు. పైన ఒక్క మనిషిని కూడా నడవనీకు. ఒక్కళ్ళని కూడా! విన్నావా?"

"విన్నా."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. సీమోను వసారాలో ఉన్న సరుగుడు కర్రలు రెండు లోపలికి లాగుతున్నాడు. బీముకి పోటు పెట్టడానికి పొడుగు సరిపోతాయో లేదో కొలుస్తున్నాడు. "ఇవి ఆపుతాయని చెప్పలేనమ్మా," అన్నాడు. "ఏదో, దేవుడి దయ. మీరు బయటికెళ్ళి ఆ బండిని ఆపండి."

ముందు గదిలో అత్త లేదు. పీట ఉంది, రొయ్యల చేట ఉంది. పక్కింటి వసుంధర దగ్గరికి వెళ్ళుంటుందనుకుంది భవాని. మంచిదే, ఇంట్లో లేదు, అంతే చాలు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు. కానీ అడుసులో దిగినవాళ్ళకి ఆ సామెత గుర్తొచ్చేది కాలు కడిగే వేళకే. ఎర్రటి ఎండలో గేటు ముందు నిలబడి, మొగుడికి ఏం చెప్పాలో కూడబలుక్కుంది. తలుపు బరువు ఆపలేదని చెప్తే? మేస్త్రీ తప్పని చెప్తే? తమ్ముడి పేరు నోటిదాకా వచ్చింది. వద్దని మొత్తుకున్నవాడి మీదికి నెట్టడానికి ఆమెకే సిగ్గేసింది.

బండి మలుపు తిరిగింది. వెనకాల కొండలా వలలు, వాటి మీద ఆరుగురు. ముందు డ్రైవరు పక్కన నాగశివ. భవాని రోడ్డుకి అడ్డంగా వెళ్ళి రెండు చేతులూ చాపింది. బ్రేకు పడింది. నాగశివ దూకినట్టే దిగాడు.

"పిచ్చి పట్టిందా ఏంటి? తగిలితే?"

"మావా, ఒక్క వల కూడా దించొద్దు. పైకి ఎవరూ ఎక్కొద్దు. బీము కుంగింది. తలుపు మీదే ఆగి ఉంది."

"బీమెందుకు కుంగుద్దే? రెండేళ్ళన్నా కాలేదు కట్టి."

"మధ్యలో స్తంభం లేదుగా."

"అక్కర్లేదని ఇంజనీరు గారే అన్నారని..."

"ఆయన అనలేదు." బండి మీది ఆరుగురూ వింటున్నారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. విననీ. "ఇంజనీరుకి అసలు తెలీదు మావా. నేనే కొట్టించాను. నువ్వు సముద్రం మీదున్నప్పుడు. పొలాలన్నీ కనపడాలని. తమ్ముడు వద్దన్నాడు, నేనే ఏడ్చి చేయించాను. నీకు అబద్ధం చెప్పాను."

రెండేళ్ళుగా మింగలేక కక్కలేక దాచుకున్న మాట, చెప్పడానికి అరనిమిషం పట్టలేదు. నాగశివ కోప్పడలేదు. అతని కళ్ళు ఆమె మొహం మీంచి ఇంటి మీదికి వెళ్ళాయి, అక్కడినుంచి డాబా మీదికి. అక్కడ ఆగిపోయాయి.

"అమ్మా!" అన్నాడు.

భవాని తల తిప్పింది. డాబా ముందు వైపు పిట్టగోడ పక్కన, చేతిలో పసుపు గిన్నెతో పేరంటాలు నిలబడి ఉంది. మిగిలిన వలలు పైకొస్తున్నాయని విని, పాతవాటికి బొట్టు పెట్టి వద్దామని గిన్నె పట్టుకుని తనదారిన తాను ఎక్కింది. ఎవరు చూశారు? తమ్ముడితో ఫోనులో ఏడుస్తున్నప్పుడే ఎక్కి ఉంటుంది.

"అంతా విన్నానే," అంది పైనుంచి. గొంతు పెద్దది కాదు. రోజూ వీధి చివరి దాకా వినపడే మనిషి ఇంత మెల్లగా మాట్లాడగలదని భవానికి ఈ ఎనిమిదేళ్ళలో తెలీదు. "పొద్దున్నుంచీ నా పసుపుని ఆడిపోసుకున్నావు. నా కొడుకు కష్టపడి కట్టిన ఇంటిని నువ్వు పడగొట్టావా? ఉండు, కిందికొచ్చి మాట్లాడతా."

మెట్లు ఇంటి వెనక ఉన్నాయి. అవి డాబా ఎక్కేది సరిగ్గా ఆ బీము పైనే. ఆమెకీ మెట్లకీ మధ్య తడిసిన వలల కుప్ప ఉంది.

"అత్తా, కదలొద్దు! అక్కడే ఉండు! నీ కాళ్ళకి దణ్ణం పెడతా, ఆ గోడ దగ్గరే ఉండు!"

"అమ్మా, ఆగు!" అని అరుస్తూ నాగశివ ఇంటి వైపు పరిగెత్తాడు. లోపల్నుంచి సీమోను కేక వినిపించింది. "పైన ఎవరండీ నడిచేది? గాజు చీలుతోంది! నడవొద్దని చెప్పండి!"

పేరంటాలు ఆగింది. అక్కడినుంచే కోడలి వైపు చూసింది. భవాని రెండు చేతులూ జోడించి నిలబడింది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా తన మాట వినని మనిషి ఇప్పుడు వినాలి. రెండేళ్ళు అబద్ధమాడిన నోటిని ఈ ఒక్కసారికి నమ్మాలి.

"రెండేళ్ళు నా కొడుకుని నమ్మించావు," అంది పేరంటాలు. "నన్ను కూడా నమ్మమంటావా?"

పసుపు గిన్నె చంకన పెట్టుకుని, వెనక్కి తిరిగి, మెట్ల వైపు నడిచింది.